హద్దురాయి దాటిన దాలమ్మ

పొద్దున్నుంచి చీకటిపడే దాకా దాలమ్మ మలంచా రోడ్డు మలుపులో నిలబడుతుంది. బండి నడుపుతూ ఎవరైనా ఫోను చెవికి పెట్టుకుంటే, అవతలి మనిషి మాట వచ్చి ఆమె కొంగులో పడుతుంది. ఆమె దాన్ని ముడేస్తుంది. బండి ఆపి దిగి వస్తే ముడి విప్పి చెవిలో వేస్తుంది. జనం దీనికేమీ ఆశ్చర్యపోలేదు, ఆలస్యమవుతోందని మాత్రం సణుక్కున్నారు.

బండి నడిపేవాళ్ల ఫోన్లు ఆపే అధికారం మునిసిపాలిటీకి ఉందా లేదా అని కౌన్సిలర్లు గొంతులు పోయేలా వాదించుకున్నారు. చివరికి మా రోడ్డు మీద మా మాటే చెల్లాలని తేల్చి, వీధులూడ్చే దాలమ్మను అక్కడ నిలబెట్టారు. చిక్కల్లా మలుపు అవతలి హద్దురాయితోనే. దాని అవతల రైల్వే రోడ్డు, అక్కడ మునిసిపాలిటీ మాట చెల్లదు. అందుకే మనవాళ్లు రాయి దాకా బుద్ధిగా వచ్చి, ముందు చక్రం దాటీ దాటగానే ఫోను తీస్తారు. అదో తెలివనుకుంటారు, ఏం చెప్తాం!

ఒక సాయంత్రం ఆటో నడిపే లలిత్ బజారులో మందులు కొనుక్కుని ఆసుపత్రికి పరుగు మీద వెళ్తున్నాడు. అక్కడ అతని భార్య ఇందు నొప్పులు పడుతోంది. బిడ్డ గుండె సరిగా కొట్టుకోవడం లేదని డాక్టరు చెప్పాడు. మలుపులోకి వచ్చేసరికి ఆసుపత్రి నుంచి అత్త సత్యవాణి ఫోను చేసింది. ఎత్తితే ఏమీ వినిపించలేదు. మాట కొంగులో పడిపోయింది.

"ఆపు నాయినా. మీ అత్త మాట నా కాడుంది, దిగి ఇనెల్లు," అంది దాలమ్మ.

"రాయి దాటినాక మల్లీ సేత్తాది పిన్నీ. అక్కడ నీ సట్టం ఏటి సేత్తాది?"

ఆటో ఉరికించాడు. ఆ ముడిలో ఏముందో వినాలనీ ఉంది, వినకూడదనీ ఉంది.

అప్పుడే రాయి అవతలి రైల్వే వర్క్‌షాపు సైరను కూసింది. గేటు తెరిస్తే సైకిళ్లన్నీ ఒక్కసారిగా రోడ్డు మీద పడతాయని లలిత్‌కి తెలియంది కాదు. అతని తండ్రి దేముడు అక్కడే పనిచేసి రోజూ ఆ గేటులోంచే వస్తాడు. కానీ చక్రం రాయి దాటింది, ఫోను మళ్లీ మోగింది. తల వంచి ఫోను తడుముకుంటున్నాడు, ఆటో మాత్రం అదే వేగంతో పోతోంది.

దాలమ్మ చూసింది. రాయి దాటిన క్షణం తనకిచ్చిన అధికారం పోతుంది, ఇక కొంగులో మాట నిలవదు. ఆ సంగతి ముందే చెప్పి ఆమెను అక్కడ నిలబెట్టారు. భయం వేసింది. అయినా దాటింది.

ముడి దానంతటదే విడిపోయి, సత్యవాణి గొంతు రోడ్డంతా మోగింది.

"ఆడపిల్ల పుట్టింది నాయినా. తల్లీ బిడ్డా బాగున్నారు. కంగారు పడకు, నెమ్మదిగా రా."

లలిత్ ఉలిక్కిపడి తలెత్తి బ్రేకు తొక్కాడు. ఆటో ఒక సైకిలును ఆనుకుని ఆగింది. దాని మీద దేముడున్నాడు. ముసలాయన ఒక కాలు నేలకానించి, కొడుకును తిట్టడం కూడా మరిచిపోయి, "మనవరాలా?" అని అడిగాడు. లలిత్ హ్యాండిలు మీద తల పెట్టుకుని ఏడ్చేశాడు.

ఆ తర్వాత దాలమ్మ కొంగులో ఒక్క మాటా పడలేదు. మునిసిపాలిటీ ఆమెకు మళ్లీ చీపురిచ్చింది. కొన్నాళ్లకు దేముడు మనవరాలిని ఎత్తుకొచ్చి, ఆమెను గట్టు మీద కూర్చోమని, మాటలు నిలవని ఆ కొంగులో పడుకోబెట్టాడు. పిల్ల కదలకుండా నిద్రపోయింది.