జానెడు శాలువా

ఎమ్మిగనూరులో సావిత్రమ్మ రోజూ టీ తాగి, కొంగు బిగించి, ఏడింటికల్లా గుంటమగ్గంలోకి దిగుతుంది. సన్మానాల శాలువాలు నేయడంలో ఆమెకు సాటి జిల్లాలోనే లేరు. మా ఊరి మనిషని గొప్పకు చెబుతున్నానా? గొప్పకే చెబుతున్నాను, దాచడం ఎందుకు?

ఆ మగ్గానికి ముందుగా మనిషి పేరు చెప్పాలి. ఆ మనిషికి ఎంత గౌరవం చెల్లుతుందో అంత పొడవు నేశాక, పోగును అటూ ఇటూ నడిపే నాడె దానంతటదే ఆగిపోతుంది. కోడుమూరు మంత్రసానికి తొమ్మిది మూరలు వచ్చింది. ఒక పెద్ద అధికారికి మూర దాటలేదు. ఊళ్లో ఎవరూ దీన్ని వింతగా చూడరు, మూరకు ఎంత అని మాత్రం బేరమాడతారు.

ఆ ఏడు ఎన్నికల ముందు, ఆదోని నాయకుడు ఇంద్రసేనయ్య తాగునీటి పైపుల కాంట్రాక్టరు దగ్గర డబ్బు సంచి అందుకుంటున్న వీడియో ఇంటింటి ఫోన్లోనూ ఆడింది. ఇక ఆయన పని అయిపోయిందనుకున్నాం. అయిపోలేదు సరికదా, వెనక జనం రెట్టింపయ్యారు. తినని నాయకుడెవరని ఆయన్నే వెనకేసుకొచ్చారు. ఆ ఊపులోనే ఎన్నికల చందాలకు సభ పెట్టారు. వినాయకుడి లడ్డూకు పాడినట్టు, ఆయనకు శాలువా కప్పే అవకాశాన్ని వేలం వేస్తారట.

శాలువా నేయమని చెప్పడానికి ఆయన అనుచరుడు రవికుమార్ వచ్చాడు.

"పన్నెండు మూరలన్నా వస్తాది అవ్వా. ఇప్పుడు మా అన్నకున్న పేరు ఎవరికుంది?"

"పేరు సెప్పినావు గదా. ఎంతొస్తే అంత."

"తక్కువొచ్చిందంటే నీ పింఛను నిలబడదు, సూస్కో."

మగ్గం జానెడు నేసి ఆగింది.

కోడలు ప్రియాంక గాభరాపడింది. "అత్తా, ఆ మంత్రసాని పేరు సెప్పి ఇంకోటి నేసిద్దాం. పింఛను పోతే ఎట్ల?"

"పోతే పోనీ. ఒకరి మర్యాద తీసి ఇంకొకరికి కప్పేదానికా నేను నేసేది?"

భయం లేక కాదు. ఇంట్లో బియ్యం, మందులు ఆ పింఛనుతోనే. అయినా ఆ జానెడుకే రెండు వైపులా జరీ అంచు వేసి, పెట్టెలో పెట్టి పంపింది. సభ రోజు తనూ ఆదోని బస్సెక్కింది.

వేలంలో పత్తి వ్యాపారి సాయినాథ్ పదకొండు లక్షలకు పాడుకున్నాడు. అప్పటిదాకా ఎవరూ విప్పి చూడని పెట్టెను చప్పట్ల మధ్య తెరిచాడు. చప్పట్లు ఆగిపోయాయి.

"ఎవరు నేసినారు దీన్ని?" రవికుమార్ మైకులో అరిచాడు.

ఆడవాళ్ల వరసలోంచి సావిత్రమ్మ లేచింది. "నేనే. ఎమ్మిగనూరు సావిత్రమ్మని. ఆయప్ప పేరుకు అంతే వచ్చింది. నేతలో తప్పుంటే సూపీ."

తప్పు ఎవరూ చూపించలేకపోయారు. పదకొండు లక్షలు పోసిన సాయినాథ్ ఊరుకుంటాడా? ఆ గుడ్డనే నాయకుడి భుజాన వేశాడు. జారింది. మళ్లీ వేశాడు. మళ్లీ జారింది. చందా ఇచ్చినవాడి ఎదుట తీసి పక్కన పెట్టలేక, ఇంద్రసేనయ్య దాన్ని కుడిచేత్తో భుజానికి అదిమి పట్టుకున్నాడు. ఉపన్యాసమంతా అలాగే సాగింది. చివర జనానికి దండం పెట్టాల్సి వచ్చింది. ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి ఎత్తాడు.

ఆస్పరి నుంచి వచ్చిన కూలి మనిషి బసమ్మ దిగ్గున లేచింది. "డబ్బు తిన్యాడంటే తిననీలే అనుకుంటిమి. ఎడమచేత్తో దండం పెడతాడా మనకి?"

చీర దులుపుకుని నడిచింది. ఆమె వెనక వరసకు వరస లేచిపోయింది.

ఎన్నికల్లో ఆయనకు డిపాజిట్ కూడా దక్కలేదు. పింఛను జోలికి ఎవరూ రాలేదు. అంతటి నాయకుణ్ణి జానెడు గుడ్డతో దించేశావని ఎవరైనా మెచ్చుకుంటే సావిత్రమ్మకు కోపం వస్తుంది.

"నేనేం దించలేదప్పా. ఆయప్పకు ఒక్క పోగు ఎక్కువ నెయ్యలే, ఒక్క పోగు తక్కువా నెయ్యలే."