పన్నెండో పిల్ల

జాబితాలో పదకొండు పేర్లే ఉన్నాయి. వరుసలో మాత్రం పన్నెండు మంది నిలబడ్డారు. చివరి పిల్లను చూడగానే గౌసియా లెక్కపెట్టడం ఆపేసింది. ఆ పిల్ల తన కూతురు షగుఫ్తా.

షార్జాలోని ఆ బడిలో ప్రతి మంగళవారం నాలుగో పీరియడు సైనికుల పిల్లలకు వేరే గది ఇస్తారు. అక్కడ బొమ్మలు వేయిస్తారు, డ్యూటీ మీద దూరం వెళ్లిన తండ్రులకు ఉత్తరాలు రాయిస్తారు, ఏడుపొస్తే ఏడవనిస్తారు. మంచి పనే, ఎవరు కాదంటారు? ఆ పిల్లల్ని క్లాసుల నుంచి పిలుచుకెళ్లి గదిలో దించిరావడం సహాయ టీచరుగా గౌసియా పని. కడపలో బీఈడీ చదివి, ప్రైవేటు బడిలో తొమ్మిది వేలకు పాఠాలు చెప్పిన మనిషి, ఇక్కడ మూడు వేల దిర్హాములకూ ఉండటానికొక గదికీ పరాయి పిల్లల చేతులు పట్టుకుని నడుస్తోంది.

ఆమె భర్త హయాత్ బాషా కూడా సిపాయే. భారత సైన్యంలో పద్నాలుగేళ్ల సర్వీసు. మంచుకొండల మీది పోస్టుకు వెళ్లి ఇరవై రెండు రోజులైంది. అప్పట్నుంచి ఫోను లేదు. షగుఫ్తా అన్నం డబ్బా మూత తియ్యడం మానేసింది. క్లాసులో పిలిస్తే పలకడం లేదు. ఎనిమిదేళ్ల పిల్లకు సిపాయి అంటే సిపాయే. ఏ దేశపు సిపాయి బిడ్డకు ఏ గది అన్న తిరకాసు దానికేం తెలుసు?

"ఏందే ఇది? క్లాసుకు పో."

"ఒక్కతూరి అమ్మీ. అబ్బాకు జాబు రాసి వచ్చేస్తా."

గౌసియా వద్దనలేకపోయింది. తప్పంటే అదే ఆమె చేసిన తప్పు.

ఉత్తరం సగం కాకముందే సూపర్‌వైజరు మూర్తి తలుపు తోసుకొచ్చాడు. నెల్లూరు మనిషి. మామూలు రోజుల్లో గౌసియాను చెల్లెమ్మా అంటాడు. ప్రిన్సిపాల్‌ను మాత్రం అందరిలాగే అరబ్బీలో ముదీర్ అంటాడు.

"ఏందమ్మా, నీ బిడ్డని నువ్వే కూచోబెట్టేసినావా? ఇది ఈ దేశం మిలిటరీ వాళ్ల పిల్లలకి. ముదీర్ చూసినాడంటే నీ ఉద్యోగం ఖలాస్. ఆనక నన్నూ అడగతాడు."

"వాళ్లబ్బ గూడా ఫౌజీనే కద సార్."

"మన ఫౌజీ అమ్మా. లిస్టులో లేడు. పిల్లని తీసకపో."

ఆ గది చూసుకునే కౌన్సెలర్ రజియా బేగం లేచి వచ్చింది. హైదరాబాదీ, మెత్తని మనిషి. షగుఫ్తా ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"బేటా, మీ అబ్బా ఫౌజ్‌ల ఉన్నడా? ఉంటే చెప్పు. ముదీర్‌తోని నేను మాట్లాడ్త."

షగుఫ్తా మూర్తిని చూసింది, తల్లిని చూసింది. పెన్సిలు కింద పెట్టింది.

"లేదు ఆంటీ. మా అబ్బా ఇక్కడే రోలా బజారులో బట్టల షాపులో పని చేస్తాడు."

కాగితం మడిచి లేచి నిలబడింది. తల్లి ఉద్యోగం కాపాడటానికి బిడ్డ కన్నతండ్రి సిపాయే కాదనేసింది. ఇంతకంటే దిగజారేది ఇంకేముందనిపించి గౌసియాకు దుఃఖం పొర్లుకొచ్చింది.

మూర్తి కూడా తలదించుకున్నాడు. "పాపే చెప్పింది గదా. తీసకపోమ్మా," అన్నాడు.

గౌసియా కదల్లేదు.

"అబద్ధం సార్. వాళ్లబ్బ ఫౌజీనే. బతికుండాడో లేదో గూడా నాకు తెలీదు. నా బిడ్డను నేను బయటికి తీసకపోను. పిలవండి ముదీర్‌ను."

నోరు జారాక గానీ షగుఫ్తా పక్కనే ఉందన్న సంగతి ఆమెకు గుర్తురాలేదు. పదకొండు మంది పిల్లలూ రాయడం ఆపి చూస్తున్నారు.

"అబ్బా బతికి లేడా అమ్మీ?" అని అడిగింది షగుఫ్తా.