అంచు వాటా

సౌజన్యకి ఒళ్ళు మండిపోతోంది. బుధవారం విశాఖపట్నంలో పీహెచ్‌డీ ఇంటర్వ్యూ. అక్కడ అడిగేది క్వాంటమ్ ఫీల్డ్ థియరీ. అమలాపురంలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకుంటూ, ఆదివారం ఆదివారం స్కూటీ మీద కొత్తపేట వచ్చి ఆమె నేర్చుకుంటున్న చదువు మాత్రం ఇంకా మొదటి అధ్యాయం దాటలేదు. ఈసారి సీటు రాకపోతే వయసు దాటిపోతుంది. మళ్ళీ దరఖాస్తు పెట్టే వీలే లేదు.

దీనికంతటికీ కారణం గంగాధరరావు మాస్టారు. కొత్తపేటలో ఆమెకి పాఠం చెప్పే రిటైరైన లెక్కల లెక్చరర్. అణువుల్ని ఓ పెట్టె నిండా పెట్టి, అణువులతో సహా ఆ పెట్టెని అంతూపొంతూ లేకుండా పెంచుకుంటూ పోతే, ఒక్కో అణువు వాటాకొచ్చే శక్తి ఒక స్థిరమైన విలువకి చేరుతుందని ఫిజిక్స్ వాళ్ళందరూ హాయిగా నమ్మేసి కాఫీ తాగుతున్నారు. మాస్టారు నమ్మరు. "చేరుతుందని ఎవరు చెప్పేరమ్మా?" అంటారు. ఫలానా వాళ్ళు చెప్పారంటే, "వాళ్ళ సంగతి కాదు, నువ్వు నిరూపించు" అంటారు. ఈ నసతోనే వర్షాకాలం పోయింది, చలికాలమూ పోయింది.

ఆవేళ ఆమె ఇక ఉండబట్టలేకపోయింది.

"మీకు దణ్ణం పెడతానండి మాస్టారూ. బుధవారం నన్ను అడిగేది ఫీల్డ్ థియరీ అండి. ఈ పెట్టె దగ్గరే కూర్చోబెట్టేస్తే నా గతేంటండి?"

ఆయన కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు.

"నిజమేనమ్మా, నాదే చాదస్తం. రాసుకో. పెట్టె ఏ ఆకారంలో ఉన్నా సరే, పెరిగేకొద్దీ అంచునున్న అణువుల వాటా సున్నా అయిపోతుంది. కాబట్టి లిమిట్ ఒకటే. పేజీ తిప్పు, ఫీల్డ్ థియరీలోకి వెళ్ళిపోదాం."

"ఆయ్" అంది సౌజన్య. ప్రాణం లేచొచ్చింది. గబగబా రాసుకుంటూ పోయింది. 'ఏ ఆకారంలో ఉన్నా' అన్నచోట పెన్ను ఆగిపోయింది.

అల్లవరంలో వాళ్ళ చేను కళ్ళముందుకొచ్చింది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు అందరికీ కాలవ నీరు అందాలని నిలువునా విడగొట్టారు. తలా ఒక సన్నటి పట్టీ వచ్చింది. ఆ పట్టీ ఎంత పొడుగుంటే ఏం లాభం, దానితోపాటు గట్లూ అంత పొడుగే. నేలంతా గట్లే తినేస్తున్నాయని నాన్నగారు ఇప్పటికీ విసుక్కుంటారు. పెట్టె కూడా వెడల్పు పెరగకుండా పొడుగే పెరిగితే అంచు వాటా ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు.

నోరు మూసుకుని పేజీ తిప్పేస్తే ఏ గొడవా లేదు. ఇంటర్వ్యూలో ఈ సంగతి ఎవరూ అడగరు కూడా. తిప్పుదామని చూసింది, చెయ్యి రాలేదు. తనమీద తనకే అరికాలి మంట నెత్తికెక్కింది.

"సున్నా కాదండి" అంది ఏడుపు గొంతుతో. "సన్నగా పొడుగ్గా పెరిగితే కాదండి. అన్నివైపులా పెరగాలని ముందే షరతు పెట్టుకోవాలండి. అంటే నిరూపణ మళ్ళీ మొదట్నించీ చెయ్యాలండి."

మాస్టారు కాగితం లాక్కుని చూశారు. "అవునమ్మా, తొందరలో అనేసేను. పోనీ, బుధవారం అయ్యేక చూసుకుందాం. ఈపూటకి వదిలెయ్యి."

సౌజన్య అప్పటికే రాసిందంతా కొట్టేసి కొత్త కాగితం తీసింది.

"ఎలా వదిలెయ్యమంటారండి?" అని దాదాపు అరిచింది. "మీరు నన్ను పూర్తిగా చెడగొట్టేరండి మాస్టారూ!"