సుసన్న పొయ్యి రాళ్లు

"మా వదిన పొయ్యి రాళ్లు పట్కపోండ్రి. ఎంత పెద్ద గుండిగ పెట్టినా కదలవు" అని మరిది జంగా వాకిట్లో నిలబడి ఎవరితోనో అంటున్నాడు. లోపల సుసన్న రొట్టెలకు జొన్నపిండి పిసుకుతోంది. ఆ రాళ్లు ఆమెవి. ఇబ్రహీంపట్నం గుట్ట దగ్గర బండలు కొట్టేచోట తిరిగి తిరిగి ఏరి, నెత్తిన మోసుకొచ్చి, ఎర్రమట్టితో పాతి, వారం వారం అలుక్కుంటున్న పొయ్యి. అడగాల్సింది ఆమెను. అడిగినవాళ్లు లేరు. ఇద్దరు మగాళ్లు గడ్డపారతో మూడు రాళ్లూ పెకలించి, చర్చి ముందు సభ వంటలకని ఎత్తుకుపోయారు. పిండి ఆమె చేతుల్లోనే ఉండిపోయింది. ఇల్లంతా రాలిన మట్టిపెళ్లలను ఊడ్చుకునే పని మాత్రం ఆమెకే వదిలేశారు.

"నాలుగు దినాలు నా పొయ్యి మీద వండుకుందువు తియ్యి. దానికే మొఖం ముడుసుకోవాల్నా?" అంది అత్త బుగ్గమ్మ.

ముడుచుకోకుండా ఎలా ఉంటుంది? భర్త ముత్యాలు సంఘంలో చేరి అడవి పట్టాడు. మిలిటరీ వచ్చి నిజాం రాజ్యం పోయాక కూడా తిరిగి రాలేదు. ఉన్నాడో లేడో చెప్పే దిక్కు లేదు. అతను పోయాక సుసన్న అత్తవాళ్ల గుడిసె పక్కనే ఉన్న తన చిన్న గుడిసెలో వేరే పొయ్యి పెట్టుకుంది. పెళ్లయ్యాక తన కోసం తాను చేసుకున్న పని అదొక్కటే. ముత్యాలు ఇంట్లో ఉన్న రోజుల్లో "దినమంత ఏం జేసినవ్? పొయ్యి కాడ కూసుండుడే గదా" అనేవాడు. దున్నేవాడికే భూమి అని ఊళ్లో గొంతు పోయేలా చెప్పి వచ్చి, కూర చల్లారిందని కంచం నెట్టేసేవాడు. అతను లేడనుకుంటే ఏడుపొస్తుంది, ఆ మాటలు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది. ఏది అసలు బాధో ఆమెకే తెలియదు. రెండూ అసలువే అయివుండాలి.

వాడంతా దొర జాగాలో ఉంది. ఇన్నాళ్లూ ఆ జాగాకు బదులు గడీలో వెట్టి చేశారు. సంఘం దెబ్బకు పట్నం పారిపోయిన దొర, మిలిటరీ వెనకాలే తిరిగొచ్చి, గుడిసెలకు కిరాయి కడతారా, లేచిపోతారా అన్నాడు. అప్పుడు ఎన్నడూ జరగనిది జరిగింది. చర్చి పెద్ద గోపయ్య, మైసమ్మ గుడి పూజారి హన్మంత్, మసీదు మౌల్సాబ్ ఒక్కటై, పేదలకు సర్కారు భూమిలో ఇళ్ల జాగాలు ఇప్పించాలని పట్టుబట్టారు. మిలిటరీ వచ్చినప్పటి గడబిడలో మౌల్సాబ్ వాళ్ల ఇళ్లు కాలిపోయాయి. ఆయన గొంతు పైకి లేచేది కాదు, అయినా రోజూ వచ్చి కూర్చునేవాడు. చర్చి ముందు పందిట్లో ముగ్గురూ ఒకే వరుసలో కూర్చుని తింటుంటే ఊరంతా వచ్చి ముక్కున వేలేసుకుంది. ఆ అన్నం ఎవరు వండారని ఒక్కరూ చూడలేదు. పొగకు కళ్లు మండి, గుండిగ దించి దించి నడుము పట్టేసి, అందరూ లేచాక అడుగున మాడింది గీక్కుని తినేది సుసన్న. అయినా లోలోపల సంతోషంగానే ఉండేది. తనకూ ఒక జాగా వస్తుంది. తన గడప, తన తలుపు. "నా ఇంట్ల ఉండి" అని ఎవరూ దెప్పలేని చోటు.

మగ యజమాని పేరుతోనే జాగా ఇవ్వాలని దొర మనుషులు అడ్డం తిరిగారు. గోపయ్య ఒప్పుకోలేదు. "పొయ్యికో జాగ" అన్నాడు. ఇక్కడ ఇళ్లు లెక్కపెట్టేది పొయ్యిలతోనే, అన్నదమ్ములు వేరుపడ్డారంటే పొయ్యిలు వేరైనట్టే. మగదిక్కు లేని ఆడవాళ్లు కూడా బతకాలంటే అదే న్యాయమని వాదించి తహసీలులో ఒప్పించుకొచ్చాడు. ఆ కబురు విని సుసన్న గరిటె పట్టుకునే నవ్వుకుంది. పొయ్యి దగ్గర కూర్చోవడం ఇన్నాళ్లకు ఒక లెక్కలోకి వచ్చింది.

మర్నాడు తెల్లారే జాగాల లెక్క రాసుకునే తహసీలు అధికారి గిర్దావర్ దిగాడు. ఇంత తొందరగా వస్తాడని ఎవరూ అనుకోలేదు. వెనక సున్నం తట్టతో బంట్రోతు మస్కూరి. గిర్దావర్ గుడిసెలోకి తొంగిచూసి పొయ్యి ఉందంటే, మస్కూరి తలుపు మీద తెల్లగా ఒక గీత గీస్తాడు. గీత పడిన ఇంటికి జాగా. సుసన్న గుడిసెలో పొయ్యి ఉండాల్సిన చోట గుంట ఉంది.

"పొయ్యేది?"

"చర్చి కాడున్నది సాబ్. అందరికి వండుతున్న."

"గది సభ పొయ్యి. ఇంటి పొయ్యి అడుగుతున్న. అన్నం యాడ తింటున్నవ్?"

సుసన్న నోరు తెరిచేలోపు బుగ్గమ్మ ముందుకొచ్చింది. "మా కాడనే తింటది సాబ్! కోడలిని ఉపాసం పెడ్తమా?" పాపం, ముసలమ్మ చెడు తలచి అనలేదు. కొడుకు లేడని కోడలికి కూడు పెట్టడం లేదని ఎవరైనా అంటారేమోనని, పరువు కోసం అంది. ఆ ఒక్క మాటతో గిర్దావర్ పక్క గుడిసెకు నడిచాడు.

సుసన్న గోపయ్య వెంటపడింది. "పెద్దబాపూ, నువ్వన్న చెప్పరాదు. రాళ్లు మీకోసమే గదా తీసింది."

గోపయ్య దొర మనుషుల వంక చూసి గొంతు తగ్గించాడు. "ఇప్పుడు నీ ముచ్చట ఎత్తితె అన్నీ దొంగ పొయ్యిలే అని మొత్తం ఆపుతరు బిడ్డా. వాడ కోసం జర ఓర్సుకో."

"మరిది జాగల నీకింత చోటు దొరకదా?" అన్నాడు హన్మంత్. "బేటీ..." అని మొదలుపెట్టి మౌల్సాబ్ తల దించుకున్నాడు. ఆ రోజుల్లో ఆయన మాట ఎవరు వింటారు?

"ఫికర్ జేయకు వదినా. నా ఇంట్ల ఉండు, ఎవలొద్దన్నరు?" అన్నాడు జంగా ప్రేమగానే.

నా ఇంట్ల. సుసన్నకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? వీళ్లలో ఒక్కడూ దొర కాదు. అందరూ మంచివాళ్లే. మంచివాళ్లంతా కలిసి చేసిన మంచిపనిలో ఆమె ఇల్లు పోయింది, తిట్టుకోవడానికి మనిషి కూడా మిగల్లేదు. గిర్దావర్ గుర్రమెక్కి వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడింది.

సాయంత్రం వాడలో పండగలా ఉంది. రేపు ముగ్గురు పెద్దలూ కలిసి ప్రార్థన చేస్తారట, ఊరందరికీ భోజనాలట. ఆ మాట చెప్పడానికి గోపయ్య వచ్చేసరికి సుసన్న పందిట్లో గుండిగను పక్కకు దొర్లించి, మసిపట్టిన రాళ్లను ఒక్కొక్కటీ పెకలిస్తోంది. వాటిని తీసుకుపోయి మళ్లీ పాతినా ఇక జాగా రాదని ఆమెకు తెలుసు. గిర్దావర్ మళ్లీ రాడు.

"రాళ్లు యాడికి సుసన్నా? రేపు ఇంతమందికి వండాలె గదా!"

సుసన్న మొదటి రాయిని నెత్తికెత్తుకుంది. మసి చెంప మీద రాలింది.

"పొయ్యి లేని దాన్నని తేల్చిండ్రు గదా పెద్దబాపూ. పొయ్యి లేని దాన్ని వండుమంటవేంది?"