దాచిన మాత్రలు

ఆస్పత్రి దుప్పటి మూలలు కలిపి, మధ్యకు మడిచి, అరచేత్తో ఒక్క చరుపు చరిచిందామె. ముప్పై ఏళ్లుగా ఆ లాండ్రీలో అదే పని. నిద్రలో కూడా అమ్మమ్మ చేతులు మడతలు పెడుతుంటాయని మనవరాలి ఎగతాళి. ఇవాళ మాత్రం ఒక్క మడతా కుదరడంలేదు. నాలుగింటికి పిల్లల సంక్షేమశాఖ మేడం ఇంటికొస్తుంది.

కూతురు పోయినప్పటినుంచి ఏడేళ్ల ఆ మనవరాలే ఆమెకు లోకం. పక్కవీధి తాతకు పక్షవాతం వస్తే, ఆయన మనవణ్ణి ఆ శాఖవాళ్లే హాస్టల్‌కు తీసుకుపోయారట. ఆ కబురు విన్నాక ఆమెకు ముద్ద దిగలేదు. జబ్బుమనిషి దగ్గర పిల్లను ఉంచుతారా? మూడు రోజుల కిందట కొత్తగా తెచ్చుకున్న గుండె మాత్రల అట్టను పిండి డబ్బా అడుగున పాతేసింది. మింగుతుంటే పిల్ల చూసి ఎక్కడ నోరు జారుతుందోనని మింగడమే మానేసింది.

మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చి గది కడిగింది. రెండుసార్లు గోడ పట్టుకుని ఆగింది. పిల్లకు జడ వేస్తూ, "ఏమడిగినా అంతా బాగుందని చెప్పు బంగారం" అంది.

"నీకు ఆయాసం వస్తోందని చెప్పొద్దా?"

"నీకు దణ్ణం పెడతానే, చెప్పకు."

మేడం వచ్చి చాప మీదే కూర్చుంది. గిన్నెలు వెతకలేదు, పెట్టెలు తెరవమనలేదు. ఫైలు తెరవగానే మాత్రం ముసలామె పిల్లను దగ్గరకు లాక్కుంది.

"పిల్ల బాగుందమ్మా, చూస్తేనే తెలుస్తోంది. మరి మీ సంగతేంటి? బడినుంచి పిల్లను తెచ్చేందుకు మనిషి కావాలా? ఇంకేదైనా ఇబ్బందా? చెప్పండి, రాసుకుంటా. నేనొచ్చిందే అందుకు."

తియ్యగా మాట్లాడి కూపీ లాగుతోందనుకుంది ముసలామె. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "నాకేం జబ్బండీ? దుక్కలా ఉన్నాను!" అంది.

జబ్బు మాట అక్కడ ఎవరూ ఎత్తనే లేదు. మేడం ఆమె ముఖంలోకి చూసి, కాగితంలో 'కావలసిన సాయం' అన్న గడి ఖాళీగా వదిలేసింది. "సోమవారం మళ్లీ వస్తానమ్మా, నిదానంగా మాట్లాడుకుందాం" అని లేచింది.

"గట్టెక్కామే పిల్లా!" అని నవ్వుతూ ముసలామె గోడకు చేరగిలబడింది. మళ్లీ లేవలేదు. కునుకు పట్టిందనుకుని, మనవరాలు మడత చెదరకుండా దుప్పటి తెచ్చి కాళ్లమీద కప్పింది.

సోమవారం మేడం పిల్ల బట్టలు సర్దుతుంటే, ముసలామె సామాను తీస్తున్న పొరుగావిడ పిండి డబ్బా వంచింది. పిండిలోంచి మాత్రల అట్ట జారిపడింది. పదికి పది మాత్రలూ పదిలంగా ఉన్నాయి.