గోడకుర్చీలో నాలుగు నిమిషాలు

రోజూ పొద్దునా సాయంత్రమూ కాఫీ తాగి, లిఫ్టు మెకానిక్ వంటింటి గోడకు వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి ఆగేవాడు. నిచ్చెన మీంచి జారి మోకాలికి ఆపరేషన్ అయ్యాక అతని తొడలు పుల్లల్లా అయిపోయాయి.

"కాళ్ళు ఆడించక్కర్లేదు అంకుల్. కండ బిగించి, కదలకుండా ఆపడమే. ఊపిరి మాత్రం బిగపట్టకండి," అంది ఫిజియోథెరపీ అమ్మాయి.

"అంటే బళ్ళో వేయించే గోడకుర్చీయేగా!"

"అదే. కాకపోతే ఇక్కడ మీరు తప్పేం చేయలేదు."

ఆ మాటకు అతను తల దించుకున్నాడు. కిందటేడు భార్య ఫోన్ చేసినప్పుడు అతను లిఫ్టు గుంతలో ఉన్నాడు. సిగ్నల్ లేదు. పైకొచ్చి చూసుకునేసరికి ఆమె వీధి చివర బస్‌స్టాపులో కుప్పకూలి, మరి లేవలేదు. ఏం చెబుదామని చేసిందో తెలియలేదు.

మొదటిరోజు పన్నెండు సెకన్లు ఆగాడు. ఆ పన్నెండు సెకన్లూ ఆమె స్టవ్ పక్కన నిలబడి ఉంది. "ఏమండీ, ఏమైందో తెలుసా..." అంటుండగానే అతని కాళ్ళు వణికి కింద కూలబడ్డాడు. ఆమె లేదు.

కూతురికి చెబితే, "కనీసం నిమిషమైనా ఆగాలి నాన్నా. అమ్మ ఏదైనా మొదట్నుంచీ చెబుతుందిగా," అంది.

నిజమే. అరనిమిషానికి మార్కెట్లో రద్దీ దాకా వచ్చింది. రెండు నిమిషాలకు అక్కడ కనబడిన పాత పక్కింటావిడ మోకాళ్ళ నొప్పులు.

"అసలు సంగతికి రావే," అని పళ్ళు బిగించి బతిమాలేవాడు.

"వస్తున్నాగా, కంగారెందుకు?"

మర్నాడు మళ్ళీ మొదట్నుంచీ. చెబితే బాగుండుననీ ఉండేది, చెప్పేస్తే ఇక రాదేమోననీ ఉండేది.

ఫిజియోథెరపీ అమ్మాయి టేపుతో తొడ కొలిచింది. "అంగుళం పెరిగింది! ఆంటీ ఎక్కడిదాకా వచ్చారు?"

"బస్సెక్కింది."

నాలుగో నెలలో ఒక సాయంత్రం నాలుగు నిమిషాలు దాటాయి. చెమట కళ్ళలోకి కారుతోంది, తొడలు మండిపోతున్నాయి.

"...బస్సు దిగానా, సంచులు రెండూ బరువు. చెయ్యి లాగేస్తోంది. కాస్త ఎదురొస్తారా అని అడగడానికి చేశానండీ."

"అంతేనా?"

"అంతే."

అతను గోడ వదిలి లేచాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే గబగబా మెట్లు దిగాడు.

కూతురు ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో టమాటాలు నేలమీద దొర్లుతున్నాయి. నాన్న వంగి ఒక్కొక్కటే ఏరుతున్నాడు. అమ్మ స్టూలు మీద కూర్చుని భుజం రుద్దుకుంటోంది.

"ఇంతసేపా అమ్మా?" అంది కూతురు, చెప్పులు విప్పుతూ.

"మీ నాన్న రావద్దూ?" అందామె.