వెంట్రుక లేని చోట

నురుగు చేసిన పని పగవాడు కూడా చెయ్యడు. కత్తి ఆనించేలోగా పది కబుర్లు చెప్పి, గడ్డం నిండా నురుగు పూసి కూర్చోబెడతాడని వాడికా పేరు. పెద్దల్లుడికి స్వయానా తోడల్లుడు. పనీపాటా లేక తిరుగుతుంటే, మరదలి ముఖం చూసి తన క్షౌరశాలలో కుర్చీ ఇచ్చాడతను.

తలలకు రంగు వేసే పనంతా వాడు పెద్దల్లుడి మీదికి తోశాడు. "నీ చెయ్యి పడితేనే రంగు నిలుస్తుందన్నయ్యా!" ఆ పొగడ్తకు ఉబ్బిపోయి, చేతికి తొడుగైనా లేకుండా ఏళ్ల తరబడి రంగు కలిపాడతను. ఊళ్లోవాళ్ల తలలు నల్లబడ్డాయి. అతని చేతులు మణికట్టు దాకా తెల్లమచ్చలు పడ్డాయి.

చర్మం డాక్టరమ్మ ఒట్టి చేత్తోనే అతని చెయ్యి పట్టుకుని చూసింది.

"ఇది ఎవరికీ అంటదు. ఆ రంగు పడక వచ్చినట్టుంది, ఇక ముట్టుకోకండి. మందు రాసుకుంటూ, వారం వారం వచ్చి మచ్చల మీద లైటు పెట్టించుకోండి. ఓపిక కావాలి."

"బాగయ్యేదాకా షాపు నేను చూస్తాలే అన్నయ్యా" అన్నాడు నురుగు. పెద్దల్లుడు నమ్మి తాళాలు వాడి చేతిలో పెట్టాడు.

నెలలు గడిచాక మచ్చల్లో మిరియాలు చల్లినట్టు చుక్కలు లేచాయి. చుక్కలన్నీ కలిసి చేతి వెనక రంగు తిరిగొచ్చింది. వేళ్ల కొసలు మాత్రం సున్నంలో ముంచినట్టే ఉన్నాయి.

"ఇవెప్పుడమ్మా?"

డాక్టరమ్మ దాచలేదు. "రంగు వెంట్రుక కుదుళ్లలోంచి వస్తుంది. వేలి కొసన వెంట్రుకలుండవు కదా. అక్కడ కష్టం. పనికేం అడ్డం కాదు, వెళ్లి చేసుకోండి."

బుద్ధెరిగినప్పటినుంచి వెంట్రుకలు కోసి పారేసినవాడికి, కావలసిన చోట ఒక్కటీ లేకపోయింది! ఎవర్ని తిట్టాలో తెలియక, ఆసుపత్రి మెట్లు దిగినంతసేపూ నురుగునే తిట్టాడు.

తిన్నగా షాపుకెళ్లాడు. తన కుర్చీలో పాత గిరాకీ, పోస్టుమాస్టరు గారు కూర్చుని ఉన్నారు. పెద్దల్లుడు కత్తి అందుకున్నాడు.

"ఆ వేళ్లతోనా అన్నయ్యా?" అన్నాడు నురుగు.

"ఇది అంటదురా! డాక్టరమ్మే ఒట్టి చేత్తో పట్టుకుంది."

"డాక్టరమ్మ మన దగ్గర గడ్డం గీయించుకుంటుందా ఏమిటి?"

బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు.

"నవ్వండి! మీ తలలు నల్లగా ఉండాలనేగా నా చేతులు ఇట్లా తగలబడింది!"

నవ్వు ఆగింది. పోస్టుమాస్టరు అద్దంలో ఆ వేళ్లను చూసి, మెడ దగ్గర గుడ్డ సర్దుకున్నారు. "ఇవాళ్టికి అతన్నే చెయ్యనివ్వు నాయనా. ఏమనుకోకు."

ఏమనుకోకూడదట!

నురుగు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నువ్విక రావని చెబితే, గది యజమాని అద్దె నా పేరుకి మార్చాడన్నయ్యా. అయినా నిన్ను వదులుకుంటానా? రంగు కలపడానికి మనిషి కావాలి. కూలిస్తాను, రా."

కత్తి ఇంకా తెరిచే ఉంది. వాడి పీక రెండడుగుల దూరంలో ఉంది. పెద్దల్లుడు కత్తి మడిచి, వాడి ముఖాన ఉమ్మేసి రోడ్డెక్కాడు.

పోగొట్టుకున్నది వీధి వైపు గది: తొమ్మిది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడుగు, మూడు కుర్చీలు, గోడ నిండా అద్దం.